గాజు గదుల్లో గాలి
డాక్టర్ కె.ఎల్. రావు స్మారక ఉపన్యాసం

వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండి, ఈ వైపు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కాసేపట్లో కొన్ని ముక్కలు చేతికిస్తాను, దూరంగా ఉంటే అందవు.

డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారి స్మృతిలో మాట్లాడాలంటే ఏ ఇంజనీరుకైనా కాస్త బెరుకు ఉంటుంది. ఆయన 1902లో కంకిపాడులో పుట్టారు. కాంక్రీటు చదివారు, కాంక్రీటు మీద పుస్తకం రాశారు, చివరికి దేశం మొత్తానికి నీటి లెక్కలు చూసే మంత్రి అయ్యారు. విజయవాడ ఓటర్లు మూడుసార్లు లోక్‌సభకు పంపారు. పులిచింతల ప్రాజెక్టుకు ఈనాడు ఉన్నది ఆయన పేరే. అయినా రావు గారనగానే మన మనసు వెళ్లేది నాగార్జునసాగర్ దగ్గరికి. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట 124 మీటర్ల ఎత్తున రాతితో లేచింది. కాంక్రీటు పండితుడు పాలుపంచుకున్న ఆనకట్ట రాతికట్టడం ఎందుకైంది? యంత్రాలకూ సిమెంటుకూ కటకటగా ఉన్న రోజులవి. రాయి దండిగా ఉంది, రాయి కొట్టే చేతులు అంతకన్నా దండిగా ఉన్నాయి. ఆ చోట ఏం దొరుకుతుంది, ఆ చోటికి ఏం కావాలి, ఈ రెండూ చూసుకున్నాకే సరుకు ఎంచుకోవడమంటే ఏమిటో సాగర్ గట్టు మీద నిలబడితే అర్థమవుతుంది.

సాగర్ గ్రావిటీ డ్యాం. తన బరువుతోనే నిలబడి కృష్ణను ఆపుతుంది. ఈ సాయంత్రం నేను తెచ్చిన సరుకు దానికి పూర్తిగా ఎదురు గుణం ఉన్నది. పగిలిన సీసాల పొడిని పొంగించి చేసే నురుగు గాజు, మన సైట్ల భాషలో ఫోమ్ గ్లాస్. నేను చెప్పదలచింది ఒక్కటే మాట. చెత్త నుంచి వచ్చిందన్న మెప్పుతో దీన్ని వాడటం మొదలుపెడితే తప్పుచోట పెడతాం, డబ్బు తగలేస్తాం, ఆ తర్వాత సరుకే మంచిది కాదంటాం. తేలిక కావాలి, బరువు మొయ్యాలి, నీరు పీల్చకూడదు అని మూడు అవసరాలు ఒకేచోట కలిసినప్పుడే దీని ధర గిడుతుంది. అలాంటి చోట్లు మన దగ్గర ఉన్నాయా అన్నదే ప్రశ్న.

1

ముందు ఒక రోడ్డు సంగతి. 2023 జూన్ 11, ఆదివారం తెల్లవారుజామున, అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం ఈశాన్య భాగంలో ఐ-95 హైవే కింద ఒక పెట్రోలు ట్యాంకరు బోల్తా పడింది. 8,500 గ్యాలన్ల పెట్రోలు, అంటే ముప్పై రెండు వేల లీటర్ల పైమాట. మంటకు పైనున్న వంతెన ఉక్కు దూలాలు మెత్తబడి, ఉత్తరం వైపు వెళ్లే లేన్లు కూలిపోయాయి. పక్కనున్న దక్షిణం వైపు భాగం కూడా పనికిరాకుండా పోయింది, దాన్నీ కూల్చారు. డ్రైవరు చనిపోయాడు. అమెరికా తూర్పు తీరం పొడవునా సాగే ఆ దారిలో, ఆ చోట రోజుకు లక్షన్నరకు పైగా వాహనాలు తిరుగుతాయి. బాగుచెయ్యడానికి నెలలు పడుతుందని మొదటి రోజు మాట.

జూన్ 23న దారి తెరిచారు. పన్నెండు రోజులు!

వంతెన కట్టలేదు. వంతెన ఉండాల్సిన ఖాళీని కింద నుంచి పైదాకా నింపేసి, ఆ దిబ్బ మీద తారు వేశారు. రెండు వైపులా మూడేసి లేన్లు దాని మీద నడిచాయి. అసలు వంతెనను ఆ దిబ్బకు అటూ ఇటూ తీరిగ్గా కట్టుకున్నారు. నింపిన సరుకు ఫోమ్ గ్లాస్ కంకర. ఊరికి దిగువన, డెలావేర్ నది ఒడ్డునే ఉన్న ఎడ్డీస్టోన్‌లో ఏరో ఆగ్రిగేట్స్ అనే కంపెనీ పాత సీసాలతో దాన్ని తయారుచేస్తోంది. పోలీసు ఎస్కార్టుతో లారీలు వచ్చాయి. పని జరుగుతున్నంతసేపూ జనం ఇళ్లలో కూర్చుని ప్రత్యక్ష ప్రసారం చూశారు. చివర్లో వాన పట్టుకుంటే తారు వెయ్యడానికి రోడ్డు ఆరబెట్టాలి కదా, పొకోనో కారు రేసుల ట్రాక్ నుంచి జెట్ ఇంజన్ బిగించిన ఆరబెట్టే బండి తెప్పించారు. మన దగ్గర ఇలాంటిది జరిగితే మొదటి పన్నెండు రోజులూ కమిటీ వెయ్యడానికే సరిపోతాయని మీలో ఎవరో గొణిగారు, వినబడింది.

సభలో అమెరికా వెళ్లొచ్చినవాళ్లు ఉంటారు. ఆ ఏడాదే జూలై 7, 8, 9 తేదీల్లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా మహాసభలు జరిగింది ఫిలడెల్ఫియాలోనే. ఈశాన్యం వైపు నుంచి ఐ-95 పట్టుకుని ఊళ్లోకి వచ్చిన తెలుగువాళ్లు తమకు తెలియకుండానే సీసాల మీద కార్లు నడుపుకుంటూ వచ్చి ఉంటారు.

అంత తొందరలో మట్టి పొయ్యకుండా ఇదే ఎందుకు పోశారు? మట్టి దొరక్క కాదు. ఘనపు మీటరు మట్టి దిమ్మిస చేశాక రెండు టన్నులకు దగ్గరగా తూగుతుంది. ఈ కంకర దట్టించాక పావు టన్ను, మహా అయితే కాస్త ఎక్కువ. అంత తేలికైన దిబ్బ పోస్తే కింద నేల కుంగదు, కుంగడం ఆగేదాకా నెలల తరబడి కాచుకోనక్కర్లేదు. పక్కన ఆపే గోడ మీద తోపు తక్కువ, కాబట్టి గోడ సన్నగా, త్వరగా కట్టొచ్చు. తేలిక సరుకే కావాలంటే థర్మోకోల్ దిమ్మెలు కూడా ఉన్నాయి, అవి ఇంకా తేలిక. నార్వే వాళ్లు 1972 నుంచీ రోడ్ల కింద వేస్తున్నారు. కాకపోతే థర్మోకోల్ పెట్రోలులో కరుగుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. పెట్రోలు మంటకు కూలిన చోట దాన్ని పెడతామంటే ఎవరు ఒప్పుకుంటారు? గాజుకు ఆ భయం లేదు.

ఇక్కడ ఒక్కసారి ఆగి గమనించండి. ఆ పన్నెండు రోజుల్లో దీన్ని ఎంచుకున్న ఇంజనీర్లు సీసాలకు మోక్షం కలిగిద్దామని ఎంచుకోలేదు. అది పాత గాజుతో చేసిందన్న సంగతి పత్రికలకు మంచి వార్త అయింది, అంతే.

2

ఇప్పుడు ఈ ముక్కలు. రెండు రకాలు తెచ్చాను, అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి పంపుతున్నాను. చూసి పక్కవారికి ఇవ్వండి. బూడిదరంగు కంకర అంచులు గీసుకుంటాయి, జాగ్రత్త. విరిగిన ముఖం వెలుతురుకు పట్టి చూస్తే మైసూరుపాకు కోసినట్టు గుల్లలు గుల్లలుగా కనిపిస్తుంది. తేడా ఏమిటంటే దీంట్లో గదికీ గదికీ మధ్య పలచని గాజు గోడ ఉంది. ఒక గదిలో చేరిన నీరు పక్క గదిలోకి పోలేదు. బల్ల మీద ఈ గ్లాసులో ఒక ముక్క వేశాను, తేలుతూనే ఉంది చూడండి.

రెండోది నల్ల దిమ్మె. దాన్ని గోరుతో గీకి ముక్కు దగ్గర పెట్టుకోండి. మొహం చిట్లించారా? కుళ్లిన కోడిగుడ్డు వాసన. దిమ్మెను పొంగించడానికి బొగ్గుపొడి కలుపుతారు, ఆ వేడిలో గాజులోని గంధకం కొంత హైడ్రోజన్ సల్ఫైడుగా మారి ఆ గదుల్లో చిక్కుకుని ఉంటుంది. గది పగిలిన ప్రతిసారీ ఆ వాసన. పగలని గదుల్లో అది ఎన్నేళ్లయినా అలాగే ఉంటుంది. ఇది గాలి చొరబడని సరుకని చెప్పడానికి ల్యాబు రిపోర్టు కన్నా ఈ వాసనే పెద్ద రుజువని నా అభిప్రాయం.

తయారీ వినడానికి సులువుగానే ఉంటుంది. గాజు పెంకుల్ని పిండిలా మెత్తగా విసరాలి. నూటికి ఒకటి రెండు పాళ్లు సిలికాన్ కార్బైడు లాంటిది కలపాలి. ఆ పొడిని కదిలే బెల్టు మీద పలచగా పరిచి పొడవాటి ఫర్నేసులోకి పంపాలి. లోపల 800 నుంచి 900 డిగ్రీలు. ఆ వేడికి గాజు నీరులా కారదు, తేనెకన్నా ఎన్నో రెట్లు చిక్కగా మెత్తబడి రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. సరిగ్గా ఆ సమయానికి కార్బైడు మండి వాయువు వదులుతుంది. బయటికి పోయే దారి మూసుకుపోయింది కనుక అది బుడగలై గాజును నాలుగైదు రెట్లు ఉబ్బిస్తుంది. చల్లారాక ఆ వాయువు సంకోచిస్తుంది, గదుల్లో పీడనం బయటి గాలి పీడనంలో మూడో వంతుకు పడిపోతుంది. పైగా ఆ వాయువులో ఎక్కువ పాలు కార్బన్ డయాక్సైడు, అది మామూలు గాలి కన్నా వేడిని తక్కువగా మోస్తుంది. వేడి దాటడానికి మిగిలిన పెద్ద దారి ఆ సన్నటి గాజు గోడలే.

కలిపే పాళ్లు, పొడి నలుగు, ఫర్నేసులో ఉంచే సమయం ఈ మూడింటిలో ఏది తప్పినా పని చెడుతుంది. వేడి కాస్త ఎక్కువైతే బుడగలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పెద్ద పెద్ద బొరియలు పడతాయి, బలం పోతుంది. తక్కువైతే పొంగదు.

3

ఇది కొత్త కనిపెట్టుడేమీ కాదు. 1930ల్లోనే అటు సోవియట్ రష్యాలో కితైగోరోద్‌స్కీ, ఇటు ఫ్రాన్స్‌లో సాంగోబాన్ కంపెనీవాళ్లు దీని వెంట పడ్డారు. అమెరికాలో 1937లో పిట్స్‌బర్గ్ ప్లేట్ గ్లాస్, కార్నింగ్ కంపెనీలు కలిసి పెట్టిన పిట్స్‌బర్గ్ కార్నింగ్ దీన్ని దిమ్మెలుగా అమ్మకానికి తెచ్చింది. ఆ దిమ్మెలు ఖరీదైనవి. ఎందుకంటే గాజును వేడి మీద నుంచి హఠాత్తుగా బయటికి తీస్తే పగుళ్లిస్తుంది. దిమ్మె దిమ్మెగా నిలవాలంటే గంటల తరబడి మెల్లమెల్లగా చల్లార్చాలి. దానికి పొడవాటి చల్లార్చే గది, దానికి ఇంధనం, దానికి స్థలం. ఖర్చంతా అక్కడే.

స్విట్జర్లాండ్‌లో 1980లలో మొదలైన కంకర పద్ధతి ఈ ముడిని భలేగా విప్పింది. పగిలేదాన్ని పగలనివ్వు అన్నారు. ఫర్నేసు నోట్లోంచి నురుగు గాజు పలక ఎర్రటి వేడి మీద బయటికి వస్తుంది, చల్లగాలి తగలగానే చిటపటలాడుతూ తనంతట తానే కంకరగా విరిగిపోతుంది. క్రషరు అక్కర్లేదు, చల్లార్చే గది అక్కర్లేదు. దిమ్మెకు లోపమైనది కంకరకు పనిముట్టయింది. పైగా అలా విరిగిన ముక్కలకు గరుకు ముఖాలు, వాడి కోణాలు ఉంటాయి కనుక దట్టించినప్పుడు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి.

అక్కడి నుంచి జర్మనీ, ఆస్ట్రియా, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్. ఉత్తర దేశాల్లో చలికాలం నేలలోని నీరు గడ్డకట్టి రోడ్డును పైకి ఎత్తేస్తుంది, వసంతం రాగానే కుంగదీస్తుంది. రోడ్డు కింద ఒక పొర నురుగు గాజు వేస్తే చలి కిందికి దిగదు. ఇళ్లకైతే పునాది గోతిలో ముందు ఇది పరిచి, దాని మీదే శ్లాబు పోస్తారు. కంకర పనీ అదే చేస్తుంది, చలినీ అదే ఆపుతుంది, ముక్కల సందుల్లోంచి నీరు కిందికి జారిపోతుంది కనుక చెమ్మ పైకి పాకదు.

గుండ్రటి పూసలుగా చేసేవాళ్లూ ఉన్నారు. జర్మనీ పోరావర్ పూసలు ఆవగింజ కన్నా చిన్నవి కూడా దొరుకుతాయి, తేలిక ప్లాస్టర్లలో, టైల్స్ అంటించే మసాలాల్లో వాడతారు. అమెరికాలో సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు కాంక్రీటుతో పడవ చేసి పోటీలు పడతారు, వాళ్లకు ఈ పూసలంటే ప్రాణం. మన కాలేజీల్లో ఆ పోటీ ఎందుకు పెట్టరో, నీళ్లకు కరువా, సిమెంటుకు కరువా!

4

ఇక గాజు సంగతి. ఇక్కడ నేను కొంచెం పేచీ పెట్టుకోదలచాను.

సీసాను పగలగొట్టి పొడిచేసి నురుగు చెయ్యడం సీసాకు మొదటి గౌరవం కాదు, మూడోది. మొదటిది కడిగి మళ్లీ నింపడం. మన పాత సామాన్ల కొట్టు మనిషి ఆ పని ఎవరూ చెప్పకుండానే చేస్తున్నాడు. పగలని బీరు సీసాను వేరుగా, ఒక్కో సైజును వేరుగా గోనెసంచుల్లో కడుతున్నాడు. రెండోది కరిగించి మళ్లీ సీసా చెయ్యడం. హైదరాబాదు సనత్‌నగర్‌లో, భువనగిరిలో ఏజీఐ వాళ్ల సీసాల ఫర్నేసులున్నాయి. ఆ ఫర్నేసుల్లో ఇసుక, సోడా, సున్నపురాయి 1,500 డిగ్రీలకు పైన కరగాలి. పాత పెంకులు కలిపితే ఆ వేడి కొంత మిగులుతుంది. నూటికి పదిపాళ్లు పెంకులు కలిపిన ప్రతిసారీ ఇంధనం రెండున్నర, మూడు పాళ్లు తగ్గుతుందని గాజు పరిశ్రమ లెక్క. అంచేత రంగు వేరుచేసిన శుభ్రమైన పెంకు సీసాగానే తిరిగి రావాలి. దాన్ని లాక్కుని నురుగు చేస్తామంటే నేను ఒప్పుకోను.

మరి నురుగుకు ఏది? సీసాల ఫర్నేసు వద్దన్నది. ఎందుకు వద్దంటుందో చెప్పాలి. పెంకుల కుప్పలో ఒక పింగాణీ కప్పు ముక్క, ఒక చిన్న రాయి పడిందనుకోండి. గాజు కరిగే వేడికి అది కరగదు. సీసా గోడలో గింజలా మిగిలిపోతుంది, ఆ సీసా అక్కడే పగులుతుంది. మూడు రంగులు కలిసిపోయిన పెంకు, మిల్లీమీటర్ల సైజుకు నలిగిపోయి ఏ యంత్రమూ ఏరలేని పెంకు కూడా అంతే, పనికిరావు. నురుగు గాజుకు ఇవేవీ అభ్యంతరం కాదు. ఎలాగూ పిండి చేస్తాం, పింగాణీ కూడా పిండవుతుంది. రంగుతో పని లేదు. ఎవరికీ అక్కర్లేని పెంకే దీని ముడిసరుకు. ఈ వరస పాటించినంతవరకే దీన్ని రీసైక్లింగు అనడం నిజాయితీ.

ఖర్చు లేని పని కూడా కాదు. 800 డిగ్రీలు 1,500 కన్నా తక్కువే, అయినా అది వేడే. గాజును పిండి చెయ్యడానికి కరెంటు గట్టిగా తింటుంది. కలిపే సిలికాన్ కార్బైడు తయారయ్యేది రెండు వేల డిగ్రీలు దాటిన కరెంటు కొలిమిలో. వాడేది నూటికి ఒకటి రెండు పాళ్లే అయినా లెక్కలో రాసుకోవాలి. కరపత్రాల్లో ఈ లెక్క కనబడదు.

ఒక జాగ్రత్త. పాత టీవీల పిక్చర్ ట్యూబు గాజులో సీసపు లోహం ఉంటుంది. అది ఇందులో కలవకూడదు, ఎవరేం చెప్పినా కలపకండి.

ఒక అవకాశం కూడా ఉంది. కర్నూలు దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పనిచెయ్యడం మొదలుపెట్టింది. సోలార్ పలక జీవితం పాతిక, ముప్పై ఏళ్లు. పలక బరువులో సుమారు ముప్పాతిక వంతు గాజే. దాని మీద అంటుకున్న ప్లాస్టిక్ పొరలు, లోహపు తీగల వల్ల దాన్ని మళ్లీ మంచి గాజు చెయ్యడం కష్టం. గాలివానకు పగిలినవి ఇప్పుడే వస్తున్నాయి, అసలు కుప్ప ఇరవై ఏళ్లలో వస్తుంది. 2022 ఈ-వేస్ట్ నిబంధనల్లోకి సోలార్ పలకల్ని కూడా చేర్చారు. పారేసే దారి మూసేశారు కనుక వాడే దారి వెతకాలి. ఆ గాజులో యాంటిమొనీ ఉంటుంది, నీళ్లలోకి ఊరుతుందో లేదో పరీక్షించి మరీ వెతకాలి.

5

ఇప్పుడు మన చోటు. ఇక్కడ నేల గడ్డకట్టదు, కనుక ఉత్తర దేశాల రోడ్డు పద్ధతి మనకు పనికిరాదు. మనకు మంట పైనుంచి.

మే నెలలో మధ్యాహ్నం డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడగలరా? శ్లాబు పైముఖం అరవై డిగ్రీలకు పోతుంది. ఆ వేడి కాంక్రీటులో మెల్లగా దిగి రాత్రి పది గంటలకు మన మంచం మీదికి వస్తుంది. ఆరంగుళాల శ్లాబును లెక్క వేద్దాం. బోర్డు అక్కర్లేదు, నోటితోనే. కాంక్రీటు వేడిని ఇట్టే వదిలేస్తుంది, ఆరంగుళాల శ్లాబు అడ్డుకునే శక్తి 0.1 కూడా లేదు. శ్లాబుకు పైనా కిందా ఉండే పలచటి గాలి పొరలు కలిపినా 0.3. అంటే వేడిని దాటనిచ్చే గుణం, మన లెక్కల్లో యు-విలువ, 3.3. కేంద్రం 2018లో తెచ్చిన ఎకో-నివాస్ సంహిత ఇంటి కప్పుకు 1.2 దాటొద్దంటోంది. పైన 3 సెంటీమీటర్ల నురుగు గాజు దిమ్మె వెయ్యండి, యు-విలువ 1.0 దగ్గరికి వస్తుంది. కంకర అయితే ముక్కల మధ్య గాలి ఆడుతుంది కనుక మందం ఎక్కువ కావాలి. పది సెంటీమీటర్లు దట్టిస్తే 0.7. అంత కంకర చదరపు మీటరుకు పాతిక, ముప్పై కిలోలు తూగుతుంది. అంతే మందం ఇటుకముక్కల కోబా వేస్తే దానికి ఎన్ని రెట్లో మేస్త్రీల్ని అడగండి. పాత డాబాకు అదనపు బరువు మోసే ఓపిక ఉందో లేదో తెలియనప్పుడు ఈ తేడా చిన్నది కాదు.

కొన్ని పాత మిద్దెల మీద కుండలు బోర్లించి, పైన సున్నం కాంక్రీటు పోసేవారు. ఆ కుండలు పట్టి ఉంచిందీ గాలినే. కుండ పగిలితే నీరు చేరేది, అదొక్కటే చిక్కు.

అయితే తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పు చల్లబరచాలని లక్ష్యం. తెల్ల రంగు వేస్తే పోదా, ఈ గాజు గోల ఎందుకని అడుగుతారు. రేకుల ఇంటికి తెల్ల రంగే వెయ్యండి. అక్కడ నురుగు గాజు గురించి మాట్లాడటం బీదవాడితో పరాచికమాడటమే. మనుషులు తిరిగే డాబా, దుమ్ము పడే డాబా, కింద ఏసీ నడిచే డాబా వేరు. తెలుపు రెండు వేసవులకు మాసిపోతుంది. థర్మోకోల్ వేస్తే పైన నీళ్ల ట్యాంకుల కాళ్లకు అణుగుతుంది, వెల్డింగు నిప్పురవ్వ పడితే అంటుకుంటుంది. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ 2017లో తగలబడి 72 మంది పోయాక గోడలకూ కప్పులకూ వేసేది మండుతుందా లేదా అని అడగడం మన ఆర్కిటెక్టులూ మొదలుపెట్టారు.

డాబా కన్నా నాకు నమ్మకమున్న చోటు గుంటూరు. మిర్చి కోల్డ్ స్టోరేజీల నేల. లోపల పది డిగ్రీల లోపు, బయట నలభై అయిదు. టిక్కీ మీద టిక్కీ, అంటే మిర్చి బస్తా మీద బస్తా, కప్పుదాకా బరువు. బయటి ఆవిరి చలి ఉన్న వైపుకే పరుగెత్తుతుంది, దారిలో ఇన్సులేషన్ పొరలో నీరుగా మారుతుంది. నీరు పీల్చే సరుకైతే తడిసిన రోజు నుంచి దానికి వేడిని ఆపే గుణం పోతుంది. తడిసిందన్న సంగతి ఎవరికీ కనబడదు, కరెంటు బిల్లుకు మాత్రమే తెలుస్తుంది. మొదట్లో నేనన్న మూడు అవసరాలూ ఈ నేల కింద కలిసే ఉన్నాయి. సముద్రం మీద వచ్చే ద్రవ సహజవాయువును నిలవ చేసే ట్యాంకుల అడుగున ప్రపంచమంతటా నురుగు గాజు దిమ్మెలు వేసేది కూడా ఈ కారణానికే.

మూడో చోటు డెల్టా. కోనసీమలో, కాకినాడ వైపు మెత్తటి బంకమట్టి మీద రోడ్డు గట్టు పోస్తే ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. వంతెన మాత్రం పైల్స్ మీద కదలకుండా నిలబడుతుంది, వంతెన మొదట్లో బస్సు ఎగిరిపడేది అందుకే. ఆ గట్టు చివరి భాగాన్ని తేలిక కంకరతో పొయ్యొచ్చు. ఒక్క లెక్క మరిచిపోవద్దు. నీళ్ల గ్లాసులో ముక్క ఇంకా తేలుతూనే ఉంది, అవునా? గోదావరి వరద గట్టును ముంచితే ఈ కంకర కూడా పైకి తేలాలనే చూస్తుంది. పైన వేసిన రోడ్డు పొరల బరువు దాన్ని నొక్కి ఉంచగలదో లేదో ముందే చూసుకోవాలి.

నల్లరేగడి మీదా వేద్దామా అని కిందటిసారి ఒక విద్యార్థి అడిగాడు. వద్దు. రేగడి జబ్బు కుంగడం కాదు, ఉబ్బడం. ఉబ్బేదాని మీద బరువు తగ్గిస్తే ఇంకా లేస్తుంది.

6

చివరి అడ్డంకి రవాణా, దాని వెనక కాగితాలు.

టన్ను గాజు పెంకు ఘనపు మీటరు లోపే పడుతుంది. అదే టన్ను నురుగైతే అయిదారు ఘనపు మీటర్లు. లారీ బరువుతో కాక గాలితో నిండిపోతుంది. దూరం నుంచి తెప్పిస్తే గాలికి కిరాయి కట్టినట్టు. యూరప్ నుంచి ఓడలో దిమ్మెలు దించుకుని ఇది మనకు గిట్టదని తేల్చేస్తున్నవాళ్లు నిజానికి కొలుస్తున్నది సముద్రాన్ని. పెంకును ఎంత దూరమైనా మొయ్యొచ్చు, నురుగును మొయ్యకూడదు. కాబట్టి ఫర్నేసు పని జరిగే చోటికి దగ్గరగా ఉండాలి. ఫిలడెల్ఫియాలో పన్నెండు రోజుల్లో పని అయ్యిందంటే ఎడ్డీస్టోన్ పక్కనే ఉండబట్టే. గుంటూరు, విజయవాడల మధ్య ఒక చిన్న ఫర్నేసు పెడితే స్టోరేజీలు, డెల్టా రోడ్లు, రెండు ఊళ్ల డాబాలు అందుబాటులోకి వస్తాయి. పెంకు హైదరాబాదు నుంచి కూడా దిగొచ్చు.

కాగితాల సంగతి ఇక్కడున్న ఇంజనీర్లకు నేను చెప్పనక్కర్లేదు. ప్రభుత్వ రేట్ల పట్టిక అయిన ఎస్.ఎస్.ఆర్.లో రేటు లేని వస్తువు ఎస్టిమేటులోకి రాదు. వాడిన అనుభవం లేని వస్తువుకు రేటు కట్టరు. రేటు లేదు కనుక ఎవరూ వాడరు. ఈ గుండ్రటి దారిలో ఎక్కడో ఒకచోట అడ్డం పడాలి, అది కాలేజీల వల్లే అవుతుంది.

పై అంతస్తు హాస్టలు ఉన్న ఏ కాలేజీ అయినా చెయ్యగలిగిన పని చెప్పి ముగిస్తాను. ఒకే వరసలో మూడు గదులు తీసుకోండి, మూడింటికీ కిటికీలు ఒకే దిక్కున ఉండాలి. ఒకదాని పైకప్పు ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యండి. రెండోదానికి తెల్ల రంగు. మూడోదాని మీద వాటర్‌ప్రూఫింగు చేసి, దాని మీద పది సెంటీమీటర్లు ఈ కంకర, పైన గుడ్డ పరిచి సన్నటి మసాలా, టైల్స్. శ్లాబు అడుగున, గది మధ్యలో థర్మామీటర్లు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా గంట గంటకూ రాసుకోండి, రాత్రి పదికి ఎంతుందో తప్పకుండా రాసుకోండి. విద్యార్థులు ఉన్న గది, ఖాళీ గది కలపకండి, మనిషి ఒంటివేడి లెక్క తప్పిస్తుంది. పరవబోయే ముందు కంకరలోంచి నాలుగు ముక్కలు తూచి, గుర్తు పెట్టి ఒక మూల ఉంచండి. వానలు వెళ్లాక ఆ మూల టైలు లేపి వాటిని బయటికి తీసి, తడి తుడవకుండా మళ్లీ తూచండి. ముక్క పైముఖాన తెరుచుకున్న గదుల్లో కొంత నీరు ఎలాగూ చేరుతుంది, మిగతా గదుల్లోకి పోయిందా లేదా అన్నది ఆ తూకం చెబుతుంది. ఆ అంకెలు పట్టుకుని నా దగ్గరికి కాదు, ఎస్.ఎస్.ఆర్. రాసేవాళ్ల దగ్గరికి వెళ్లండి. కంకర ముక్కలు బల్ల మీదే ఉంచి వెళ్తున్నాను, కావలసినవాళ్లు తీసుకోవచ్చు.